ముప్పయ్యేడు గడపలు

మెరక ఆరో ఏడు, సెప్టెంబరు 4, శనివారం

మైకు బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. అగరవత్తులు కొత్త కట్ట తెరిచాం. ఎండ, తూర్పు గాలి. పొద్దున పోటు నీరు రేవు మెట్లలో పైనుంచి ఆరో మెట్టు దాకా వచ్చింది. నిరుడు ఇదే నెలలో తొమ్మిదో మెట్టు దగ్గర ఆగింది.

ఇవాళ తరలింపు జాబితా మొదటి చదువు. సముద్రపు నీరు ఎక్కుతున్న పల్లంలో మిగిలిన పద్నాలుగు వీధుల్లో ఎవరు ముందు మెరక ఎక్కాలో, ఎవరు వచ్చే ఏడాది దాకా ఆగాలో ఈ జాబితా చెబుతుంది. స్తంభాల మీద కొత్తగా కట్టినవి మూడు వందల పది ఇంటి వాటాలు. జాబితా తయారు చేసేది పురసభ యంత్రం. దాన్ని అందరూ 'వరుస' అంటారు. పసివాళ్లకు తప్ప ప్రతి మనిషి చేతికీ ఒక కడియం, ప్రతి గడపకూ ఒక చిన్న డబ్బా. పొద్దున ఎనిమిదింటికి ఆ డబ్బా ఇంట్లో ఉన్న కడియాలను లెక్కపెట్టి వరుసకు పంపుతుంది.

యంత్రం ఏం చెప్పినా చదివి వినిపించనిదే చెల్లదు. ఇది పురసభకూ మా పౌర సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం. పేరు పురసభ మనిషి చదువుతాడు, కారణం సంఘం సాక్షి చదువుతుంది. ఆ సాక్షిని నేను, పేడాడ ఇందుమతిని. ముప్పై ఒక్క ఏళ్లు పత్రికలో పనిచేశాను. జాబితాను మూడు శనివారాలు చదువుతాం. ప్రతి చదువు చివర ఒక అగరవత్తి వెలిగిస్తాం. అది పూర్తిగా కాలిపోయేదాకా ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పవచ్చు. పల్లంలో చివరి ఇంటి నుంచి చదువు జరిగే ఈ అరుగు దాకా ముసలివాళ్లు నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి, ఆ మేరకు పెట్టుకున్న ఏర్పాటు అది.

పద్నాలుగో వీధి దగ్గర నేను చదివిన కారణం ఇది: "వలల వీధి. ఇళ్లు ముప్పై ఎనిమిది. స్థిర నివాసం ఒక ఇల్లు, మనుషులు పన్నెండు మంది. తక్కిన ముప్పయ్యేడు ఇళ్లు ఖాళీ. అప్పుడప్పుడు సందర్శకులు ఉంటారు. గడప తనిఖీ పూర్తయింది." ఆ వీధికి రావలసిన చోటును చేపల చలువ గిడ్డంగికి ఇచ్చారు.

అగరవత్తి ముప్పై ఆరు నిమిషాలు కాలింది. అభ్యంతరాలు రెండు వచ్చాయి, రెండూ అయిదో వీధివి. వలల వీధి నుంచి ఎవరూ రాలేదు. ఖాళీ వీధి కదా అనుకున్నాను.

సెప్టెంబరు 6, సోమవారం

సంఘం పుస్తకం గ్రంథాలయం దాటకూడదు కాబట్టి ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. దీన్ని బల్లకు గొలుసుతో కట్టి ఉంచుతాం. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

పొద్దున చేపల బజారుకు వెళ్లాను. మైలపల్లి దానమ్మ కవళ్ల చేపలు అమ్ముతోంది. అరవై రెండేళ్లు ఉంటాయి, భర్త పోయాడు, ఒంటరిది. మామూలుగా ఈవిడ బజారుకు రాదు. పక్కింటి కోడలికి నలతగా ఉందని గంట సేపు ఆమె చోట కూర్చుంది. ఇక్కడి వాళ్లు నన్ను పేపరమ్మ అంటారు.

"ఏటి పేపరమ్మా, దెయ్యాల దగ్గర సేపలు కొంతన్నావు? బయమెయ్యదేటి?" అంది.

అర్థం కాలేదన్నాను.

"మా ఈది కాళీ అని సనివారం సదివీసినావటగదా. కాళీ ఈదిలో ఉండేటోలు దెయ్యాలే గదా."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. వీధిలో ఎంతమంది ఉంటారని అడిగాను. ఆమె వేళ్లు మడవలేదు, ఆలోచించనూ లేదు. "పిల్లా పీచుతో కలిపి నూటనలబై ముగ్గురు. నిన్నటికి," అంది.

"మరి శనివారం ఒక్కరూ రాలేదేం?"

"నువ్వు పదింటికి సదువుతావు. ఆ యేలకి మొగోలు నీలల్లో ఉంటారు, ఆడోలు ఈ బజార్లో ఉంటారు. పిల్లలు బడికెల్తారు. నాను ఇల్లు కదలకూడదు. ఎవులొత్తారు?"

చేపలు శుభ్రం చేసి ఆకులో చుట్టి ఇచ్చింది. ఒక చేప ఎక్కువ వేసింది. తీసెయ్యమన్నాను. "దెయ్యం పెట్టింది తినీయాల, కాదనకూడదు," అంది.

సెప్టెంబరు 7, మంగళవారం

ఉదయం ఏడు నలభైకి వలల వీధి మొదట్లో ఉన్నాను. వీధి సముద్రం వైపుకు వాలుగా దిగుతుంది. రెండు వరసల ఇళ్లు. తలుపులన్నీ తాళాలు. కానీ ప్రతి ఇంటి ముందూ పొద్దున్నే ఊడ్చిన గుర్తులున్నాయి. ఆరేసిన బట్టల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఖాళీ ఇంటికి బట్టలారేసే వాళ్లుండరు.

గడపలు లెక్కపెడుతూ దిగాను. ముప్పై ఎనిమిదోది దానమ్మది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన పసుపు గుడ్డ కప్పిన తాటాకు గంప. గుడ్డ తీసి చూపించింది. గంప నిండా కడియాలు. ఒకో ఇంటివి ఒకో దారానికి గుచ్చి, ముడి దగ్గర పసుపు రాశారు.

ఎనిమిదయింది. ఆవిడ గడప మీది డబ్బాలో పచ్చ దీపం రెండుసార్లు వెలిగి ఆరింది. నూట ముప్పై ఒక్క కడియాలూ దానమ్మ ఇంట్లోవిగా లెక్కకు ఎక్కాయి.

ఎందుకిలా అని అడిగాను.

"పడవెక్కితే కడియం చేతికి ఉండకూడదమ్మా. వల తగులుకుంటే మనిసిని లాగీసుద్ది. మా మరిది కొడుకు ఎల్లాజి అలాగే ఎల్లిపోనాడు, కడియాలొచ్చిన మొదటేడు. అప్పట్నుంచీ తీసి నా దగ్గరెట్టి ఎల్తారు. పూర్వం ఉంగరాలూ మొలతాళ్లూ మా అత్త దగ్గరెట్టి ఎల్లీవోలు, అలాగే."

"మగవాళ్లవి సరే. ఆడవాళ్లవి, బడిపిల్లలవి?"

"ఇంటిల్లిపాదివీ ఒక్క దారం మీద ఉండాల. ఒకటి ఇక్కడుండి ఒకటి బజార్లో తిరిగితే పడవ దారి తప్పుద్ది." నా ముఖం చూసింది. "నువ్వు నమ్మొద్దులే. పడవెక్కేది నువ్వు కాదు."

పడవలు తిరిగొచ్చాక సాయంత్రం ఎవరి దారం వాళ్లు పట్టుకుపోతారు. అంతదాకా ఆవిడ ఇల్లు కదలదు. నిన్న బజారుకు వచ్చినప్పుడు గంపను పక్కనే పెట్టుకుందట. అమ్మే గంపల మధ్య నేను గమనించలేదు.

ఇంటికి వచ్చి నా పాత చేతి పుస్తకం తీశాను. ఆగస్టు 12, గురువారం. వలల వీధి గడప తనిఖీ. నా రాత: "వాన. మోకాలి లోతు నీళ్లు. తొమ్మిది గడపలు తొక్కాం. అన్నీ తాళాలు." కింద ముప్పయ్యేడు ఇళ్లకు 'ఖాళీ' అని సంతకం పెట్టిన పత్రం నకలు ఉంది.

తొమ్మిది చూసి ముప్పయ్యేడుకు సంతకం పెట్టాను. ఇంకో ఇరవయ్యెనిమిది గడపలు దాటి ఉంటే అరుగు మీద గంపతో దానమ్మ కనిపించేది.

సెప్టెంబరు 8, బుధవారం

పురసభ కార్యాలయం. గణన విభాగంలో గేదెల తారకేశ్‌ని కలిశాను. ఆ రోజు తనిఖీకి నాతో వచ్చిన పురసభ ఉద్యోగి ఇతనే. ముప్పై రెండేళ్ల వాడు. తాత్కాలిక ఉద్యోగంలో మూడేళ్లుగా ఉన్నాడు, ఈ అక్టోబరులో ఖాయం చేయాలి.

గంప సంగతి చెప్పాను. తెర మీద వీధి లెక్క తెరిచి చూపించాడు. ఒక ఇంట్లో పన్నెండుకు మించి కడియాలు కనిపిస్తే, డబ్బా పాడైందనుకుని వరుస పన్నెండు దగ్గరే ఆగిపోతుంది. వేటలేని రోజుల్లో ఎవరి కడియాలు వాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. కానీ అరవై రోజుల సగటులో అవి ఆరేడు రోజులే కాబట్టి వాళ్లను సందర్శకులని రాసుకుంది.

"వాళ్లింట్లో వాళ్లే చుట్టాలన్నమాట," అన్నాను.

అతను నవ్వబోయి ఆగాడు. "యంత్రం లెక్క ఇప్పుడు మార్చినా లాభం లేదు మేడమ్. యంత్రానికీ గడప తనిఖీకీ తేడా వస్తే తనిఖీ మాటే నిలుస్తుంది. అది మీ సంఘం పట్టుబట్టి పెట్టించిన నియమం."

నిజమే. మనిషి కంటితో చూసిందే పైమాట కావాలని మేమే అడిగాం. తనిఖీని రద్దు చేయాలంటే సంతకం పెట్టిన ఇద్దరూ చదువు జరిగేటప్పుడు, అగరవత్తి ఆరేలోపు, తమ సంతకం తప్పని చెప్పాలి. ఇద్దరూ చెప్పాలి. ఒక్కరు చెబితే చాలదు.

తారకేశ్ తెర మూసేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు నేను పదో గడప వైపు నడిచాను మేడమ్. మీరే 'తక్కినవీ ఇంతే, పదండి' అన్నారు," అన్నాడు.

అన్నాను. గుర్తుంది. అతనిది తాత్కాలిక ఉద్యోగం, నేను అతని తల్లి వయసుదాన్ని, పైగా తప్పులు పట్టే సంఘం మనిషిని. నేను పదండి అంటే అతను కాదనగలిగేవాడు కాడు.

మూడో చదువు 18న. ఆ తర్వాత జాబితాను మార్చడానికి వీల్లేదు. కార్తీక పున్నమి పోటు ఈసారి వీధి మధ్య దాకా వస్తుందని రేవు వాళ్ల అంచనా.

సెప్టెంబరు 10, శుక్రవారం

సుదర్శన్ మాస్టారు గ్రంథాలయానికి వచ్చి ఈ పుస్తకం మొత్తం చదివారు. సంఘం కార్యదర్శి ఆయనే. ఈ ఒప్పందం కోసం ఆయన నాలుగేళ్లు పురసభ మెట్లెక్కి దిగారు. చదవడం అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఈ పేజీలు అవసరమా ఇందుమతీ?"

"జరిగింది కదండీ."

"జరిగింది. అక్టోబరులో ఒప్పందం మళ్లీ పురసభ ముందుకు వస్తోంది. అధ్యక్షురాలికి మన మీద ప్రేమేం లేదు. సంఘం సాక్షి చూడకుండా సంతకం పెట్టిందని తెలిస్తే, ఇంక ఈ చదువులెందుకు అంటారు. అప్పుడు పద్నాలుగు వీధులకూ అడిగే దిక్కుండదు. ఒక వీధి కోసం అంత దూరం వెళ్లాలా?"

"ఒక వీధి అంటే నూట నలభై ముగ్గురండీ."

"నాకు తెలుసు. వాళ్లను వదిలెయ్యమనడం లేదు. యంత్రం తప్పు చేసిందని చెప్పు. అబద్ధం కాదుగా. యంత్రం తప్పు చేసింది."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పదకొండో నియమం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చూడనిది చూశానని సంతకం పెట్టిన సాక్షి మళ్లీ ఎన్నడూ సాక్షిగా నిలబడకూడదు అనే నియమం అది. దాన్ని రాసింది నేను. సాక్షులను లంచాలతో కొంటారేమోనని భయపడి రాశాను. వానను లెక్కలోకి తీసుకోలేదు.

సెప్టెంబరు 11, శనివారం

రెండో చదువు. హాజరు నూట నలభై. గాలి తక్కువ. అగరవత్తి నలభై నిమిషాలు కాలింది.

మాస్టారు చెప్పినట్టే చేశాను. గంప గురించి, పన్నెండు దగ్గర ఆగిపోయే లెక్క గురించి చెప్పాను. తొమ్మిది గడపల మాట చెప్పలేదు. తారకేశ్ సెలవులో ఉన్నాడు.

పురసభ అధ్యక్షురాలు బగాది శకుంతలమ్మ చివరిదాకా విన్నారు. "యంత్రం పొరబడొచ్చనే కదా ఇందుమతి గారూ, గడప తనిఖీ పెట్టుకున్నాం? యంత్రం మాట వదిలెయ్యండి. మీరు స్వయంగా వెళ్లి ఇళ్లు ఖాళీ అని రాశారు. మీ సంతకాన్ని నేను నమ్ముతున్నాను. మీరు నమ్మొద్దంటున్నారా?" అన్నారు. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

నేను మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. అభ్యంతరం కొట్టేశారు.

జనం వెళ్లిపోయాక అరుగు కింద దానమ్మ కనిపించింది. గంప నెత్తిన పెట్టుకుని, ఇల్లు కదలకూడని వేళలో, వీధి చివరి నుంచి నడిచి వచ్చింది. మెట్లెక్కలేక కిందే నిలబడి విన్నది.

"పేపరమ్మా, ఆ వానరోజు నువ్వు ఎన్ని గడపలు తొక్కినావు?"

"తొమ్మిది."

తల ఊపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండును.

"నాను ఆ రోజు అరుగు మీదే ఉన్నాను. తాటాకు గొడుగేసుకుని కూకున్నాను. గంప తడిసిపోద్దని." నెత్తి మీది గంపను తడిమి, "మీ మాటకి విలువుంటాదని మావు కడియాలు ఏసుకున్నాం. గవర్మెంటోలు సెప్తే ఏసుకోలేదు. మీ మాస్టరు మా ఈదికొచ్చి, మావు మీకు కాపలా ఉంటాం అన్నాడని ఏసుకున్నాం," అంది.

గంప సర్దుకుని దిగువకు వెళ్లిపోయింది. మాస్టారు నా పక్కనే ఉన్నారు. ఆయనా విన్నారు.

సెప్టెంబరు 16, గురువారం

మంచినీళ్ల వంతు ఇవాళ మా వరసది. రెండు బిందెలు పట్టి వచ్చేసరికి గ్రంథాలయంలో తారకేశ్ ఉన్నాడు. ఈ పుస్తకం తెరిచి 8వ తేదీ పేజీ చదువుతున్నాడు.

"'పదండి' అన్నది మీరేనని రాసేశారా మేడమ్?"

"అన్నాను కాబట్టి రాశాను."

"మా వాళ్లు ఇది చూస్తే నన్ను తప్పించి మీ మీదే పెట్టేస్తారు."

"పెట్టనివ్వండి. కానీ రద్దు కావాలంటే మీ మాట కూడా కావాలి."

ఉద్యోగం ఖాయం కాకపోతే సిబ్బంది వాటా ఖాళీ చేయాలి. అందులో అతని తల్లి ఉంటుంది. ఆవిడకు మోకాళ్లు పనిచేయవు, ముప్పై మెట్లెక్కే వాటాల్లో ఉండలేదు. ఇవన్నీ అతను బతిమాలుతున్నట్టు చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను ఒత్తిడి చేయలేదు. ఒకసారి పదండి అన్నందుకే ఇంత దూరం వచ్చింది.

"శనివారం నేను చెబుతాను. మీ సంగతి మీ ఇష్టం. మీరు చెప్పకపోయినా, చెప్పలేదని తప్ప ఇంకేమీ రాయను," అన్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "పదో ఇంటి ముందు చిన్నపిల్లల చెప్పులున్నాయి మేడమ్. నీళ్లలో తేలుతున్నాయి. నేను చూశాను. కొట్టుకొచ్చాయేమో అనుకున్నాను."

ఈ మాట ఇక్కడ రాయవచ్చా అని అడిగాను. తల ఊపాడు.

సెప్టెంబరు 18, శనివారం

మూడో చదువు. హాజరు నాలుగు వందలకు పైగా. బలమైన తూర్పు గాలి.

వలల వీధి పడవలు ఇవాళ నీళ్లలో దిగలేదు. వీధి మొత్తం అరుగు ముందుకు వచ్చింది. అందరి చేతులకూ కడియాలున్నాయి. దానమ్మ ఖాళీ గంప పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నిన్నటిదాకా వచ్చిన కారణంతో పాటు ఇవాళ్టి లెక్క కూడా చదవాలి. చదివాను: "వీధి పద్నాలుగు. స్థిర నివాసులు ఒకరు. సందర్శకులు నూట ముప్పై మంది."

"సుట్టాలం గదా, బోజనాలు పెట్టించండి మరి," అని ఒకాయన అరిచాడు. అరుగంతా నవ్వింది. పురసభ వరసలోనూ కొందరు నవ్వారు.

అగరవత్తి వెలిగించారు. నేను మైకు పట్టుకుని చెప్పిన మాటలు ఇవే: "ఆగస్టు 12న వలల వీధిలో ముప్పయ్యేడు ఇళ్లు ఖాళీ అని సంతకం పెట్టాను. తొమ్మిది గడపలే తొక్కాను. తక్కిన ఇరవయ్యెనిమిదీ చూడలేదు. వాన పడుతోంది. తక్కినవీ ఇంతే, పదండి అన్నది నేను. ఆ తొమ్మిది ఇళ్లు కూడా ఖాళీవి కావు, తాళం వేసినవి. పోయిన శనివారం ఈ మాట తెలిసి కూడా చెప్పలేదు. నా సంతకం తప్పు."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ఆడగొంతు, "మరి మా ఈదికొచ్చినప్పుడు ఎన్ని తొక్కినావమ్మా?" అంది. అయిదో వీధి మనిషి. సరైన ప్రశ్న. అన్నీ తొక్కానని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. నమ్మకపోతే ఆమె తప్పు కాదు.

శకుంతలమ్మ గారు రెండో సంతకందారు ఎవరని అడిగారు. తారకేశ్ పురసభ వరసలో చివరి కుర్చీలో ఉన్నాడు. తల వంచుకుని ఉన్నాడు, లేవలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. గాలికి అగరవత్తి మామూలు కంటే వేగంగా కాలుతోంది. మూడో వంతు కూడా మిగలలేదు. దానమ్మ లేచి, ఇద్దరి భుజాలు పట్టుకుని మెట్లెక్కి, ఖాళీ గంపను అగరవత్తికి తూర్పు పక్కన నిలబెట్టి దాని వెనక కూర్చుంది. పొగ నిటారుగా లేచింది.

పురసభ గుమాస్తా లేచాడు. "అలా అడ్డం పెట్టకూడదండీ."

"ఏ రూల్లో ఉన్నాది బాబూ?"

గుమాస్తా నియమాల పుస్తకం తిప్పాడు. అధ్యక్షురాలు ఓపిగ్గా చూశారు. దొరకలేదు. "లేనట్టుంది. ఉండనివ్వండి," అన్నారామె.

దానమ్మ అక్కడి నుంచే తారకేశ్ వైపు చూసింది. "బాబూ, బేగి ఏం లేదు. ఆలోసించుకో. నానిక్కడే కూకుంటాను," అంది.

ఇంకో తొమ్మిది నిమిషాల తర్వాత అతను లేచాడు. మైకు తీసుకోలేదు. "తొమ్మిది గడపలే తొక్కాం. పదో గడప ముందు పిల్లల చెప్పులు చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను," అన్నాడు. వెనక వాళ్లకు వినబడలేదని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాడు.

తనిఖీ రద్దయింది. గిడ్డంగికి ఇచ్చిన చోటును నిలిపేశారు. వారం లోపల కొత్త తనిఖీ జరగాలి, ఆ లెక్క వచ్చే శనివారం చదివాకే ఆ చోటు ఎవరిదో తేలుతుంది. తారకేశ్ మీద శాఖ విచారణ ఉంటుంది. ఈ నిర్ణయాలన్నీ చదివాక శకుంతలమ్మ గారు నా వైపు తిరిగారు.

"పదకొండో నియమం రాసింది మీరే కదూ?"

"నేనేనండీ."

"కొంచెం మెత్తగా రాసుకోవలసింది," అన్నారు. నాకు ఆమె మీద ఉన్న అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. మరుక్షణం గుమాస్తాతో అక్టోబరు ఒప్పందం గురించి తర్వాత మాట్లాడదామన్నారు. అది ఎటు పోతుందో నాకు తెలియదు.

కొత్త సాక్షి ఎవరని సంఘాన్ని అడిగారు. మాస్టారు లేచారు. మా దగ్గర వరసలో ఉన్న పేర్లు మూడున్నాయి, అందరూ చదువుకున్నవాళ్లే. ఆయన ఆ పేర్లేవీ చెప్పలేదు.

"మైలపల్లి దానమ్మ," అన్నారు.

"నాకు రాయడం రాదు మాస్టరూ."

"రాసేవాళ్లు దొరుకుతారు దానమ్మా. తొక్కేవాళ్లు కావాలి."

సెప్టెంబరు 23, గురువారం

నాను మైలపల్లి దానమ్మని. సంగం సాచ్చిని. నాను సెప్తన్నాను, పేపరమ్మ రాత్తంది. ఆమె ఇంక సాచ్చి కాదు గాని రాయొచ్చట, అడిగినాం.

సాయంత్రం నాలుగింటికి మొదలెట్టినాం. పడవలొచ్చీసినాక. పొద్దున్న తనికీ సేత్తే తాళాలే కనిపిత్తాయని పురసబోలకి సెప్పినాను, ఒప్పుకున్నారు. ఇకనించి ఏ ఈది తనికీకైనా ఆ ఈదోలు ఏ యేలకి రమ్మంటే ఆ యేలకే ఎల్లాలని మాస్టరు కాయితం ఎట్టినాడు. అదింకా సదవలేదు.

పురసబ తరుపున కొత్త పిల్లొకతి వొచ్చింది. నీటిలో దిగడానికి సెప్పులు సేత్తో అట్టుకుంది. తారకేసు బాబు కూడా వొచ్చినాడు, పనిమీద కాదు, ఊరికే. మొదటి తొమ్మిదీ తొక్కినాక పదో గడప కాడ ఆగి, ఆ ఇంటి పిల్లల్ని పేరు అడిగినాడు. సెప్పినారు. ఆల్ల సెప్పులు దొరకలేదట, కొత్తవి కొనుక్కున్నారు.

ప్రతి గడపా తొక్కినాం. లోపలికెల్లి మనుసుల్ని సూసి, పేర్లు పిలిసినాం. పిలిత్తే పలికినారు. ఇల్లు ముప్పయ్యెనిమిది. కడియాలు నూటముప్పై ఒకటి. కడియం లేని పసోలు పన్నెండుమంది, ఆల్లనీ రాయించినాను. మొత్తం నూటనలబై ముగ్గురు. సుట్టాలు ఒక్కరు. ఎనిమిదో ఇంట్లో సోడవరం నించి ఒచ్చిన బావగారు. ఆయన్ని లెక్కలో ఎయ్యలేదు.

గంప మాననన్నాను. పడవ ఎల్లినాక కడియాలు నా దగ్గరే ఉంటాయి. ఎవులి దారానికెన్నో నాను రోజూ పొద్దున్న ఎనిమిదింటికి నోటితో సెప్తాను, పురసబోలు రాసుకోవాల. దానికి ఒప్పుకున్నారో లేదో సనివారం సదివితే తెలుత్తాది.

వాన పడింది. ఇరవయ్యో గడప కాడ జోరుగా పడింది. ఆగలేదు.

ఆకర్ని నా గడప. పేపరమ్మ ఈదంతా మాతో నడిసింది, ఎనకాల. సాచ్చి కాదు గాబట్టి గడప తొక్కకుండా బయటే నిలబడింది. ఆగస్టులో తొమ్మిది తొక్కి ముప్పయ్యేడు రాసినావు, అది కూడా ఈ పేజీలో మళ్లీ రాయమన్నాను.

రాసింది. సదివి ఇనిపించమన్నాను. ఇనిపించింది.

కిందన నా ఏలిముద్ర.